నేల మీద పరచిన లెక్కలు: తెలుగు ప్రాంతాల్లో దత్తాంశాల భౌతిక దృశ్యీకరణ

పాఠ్యాంశ లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• భౌతిక దృశ్యీకరణ అంటే ఏమిటో మీ ఊరి ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• నది కొలబద్దలు, ఓడరేవు హెచ్చరికలు, సర్వే పటాలు, ముగ్గు పటాలు ఒకదానికొకటి ఎలా భిన్నమైనవో చెప్పగలుగుతారు.
• ఒక లెక్కను ఎవరు చూపుతున్నారు, ఎవరు చదువుతున్నారు, ఎవరు సరిదిద్దగలరు అనే ప్రశ్నలతో ఏ పటాన్నైనా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

దత్తాంశాలు అనే మాట వినగానే నేటి విద్యార్థికి కంప్యూటర్ తెర, దాని మీద రంగురంగుల పట్టీలు, గీతలు గుర్తుకు వస్తాయి. సంఖ్యలను కంటికి కనిపించే రూపంలోకి మార్చడాన్ని దత్తాంశ దృశ్యీకరణ అంటాం. ఆర్థిక సంఖ్యలను కాగితం మీద గీతలతో, పట్టీలతో చూపే పద్ధతిని 1786లో స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ తన అట్లాసులో ప్రవేశపెట్టాడు. గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఈ కథను అక్కడి నుంచే మొదలుపెడతాయి.

కాగితం, తెర రెండూ లేకుండా కూడా లెక్కను చూపవచ్చు. పొలం గట్టున రాయి పాతి చూపవచ్చు. వంతెన స్తంభం మీద అడుగుల గుర్తులు వేసి చూపవచ్చు. నేల మీద ముగ్గు వేసి, ఇంటికొక గింజ పెట్టి చూపవచ్చు. చేత్తో తాకగలిగిన వస్తువుల ద్వారా, లేదా గుర్తులు వేసిన స్థలం ద్వారా లెక్కను తెలియజేయడమే భౌతిక దృశ్యీకరణ. చదువు రాని వారికి కూడా ఇది అందుబాటులో ఉంటుందన్నది దీనిలోని మొదటి గుణం. అయితే చరిత్ర విద్యార్థిగా మీరు ఈ గుణం దగ్గరే ఆగిపోకూడదు. కనిపించే ప్రతి లెక్క వెనుకా దాన్ని తయారుచేసిన చేయి ఒకటి ఉంటుంది. కాబట్టి ఈ పాఠమంతటా మూడు ప్రశ్నలు వేసుకుంటూ వెళదాం. ఈ పటాన్ని ఎవరు గీశారు? దీన్ని ఎవరు చదవగలరు? ఇందులో తప్పు ఉంటే ఎవరు సరిదిద్దగలరు? మూడో ప్రశ్నకు దొరికే జవాబును బట్టే ఒక లెక్క ప్రజలకు ఉపకరించిందో, వారి మీద అధికారంగా మారిందో తెలుస్తుంది.

పాఠానికి ఆధారంగా నేను ఉంటున్న మునగపాకను తీసుకుంటాను. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం ఇది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చెరకు, బెల్లం ఇక్కడి బతుకుతెరువు. మండలంలో శారదా నది పారుతుంది, బంగాళాఖాతం ఎంతో దూరం లేదు. అందువల్ల భూమి లెక్క, నీటి లెక్క, తుపాను లెక్క, బెల్లం లెక్క అన్నీ ఇక్కడి రైతు రోజూ చూసేవే. మునగపాకలో కనిపించే లెక్కలతో మొదలుపెట్టి, అవసరమైన చోట గోదావరి తీరానికి, రాయలసీమకు, తెలంగాణకు వెళదాం.

2. రాతకు ముందే లెక్క

మెసొపొటేమియాలో రాత పుట్టడానికి ముందే మనుషులు చిన్న మట్టి బిళ్లలతో ధాన్యాన్ని, పశువులను లెక్కించేవారు. దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్యం ‘కిపు’ అనే ముడుల తాళ్లతో జనాభా లెక్కను, పన్నుల లెక్కను నిర్వహించింది. తాడు మీద ముడి ఉన్న స్థానాన్ని బట్టి అది ఒకట్ల ముడో, పదుల ముడో, వందల ముడో తెలిసేది. అంటే లెక్కను వస్తువుల ద్వారా పట్టుకోవడం అక్షరం కంటే పాతది, అక్షరం లేని చోట కూడా సాధ్యమైనది.

మన ఇళ్లలోనూ ఇలాంటివి ఉండేవి. పాలవాడి లెక్క కోసం గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు మీ ఇంటి పెద్దలకు గుర్తుండవచ్చు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, తరువాత రెండు, మూడు అంటూ గట్టిగా లెక్కపెట్టేవారు. కొలిచేవాడి గొంతు రైతుకూ కూలీకీ వినిపించాలి, కుప్ప అందరికీ కనిపించాలి. పంపకంలో తగవు రాకుండా ఉండటానికి ఏర్పడిన పద్ధతి అది. గీతను పాలవాడూ చూస్తాడు, ఇల్లాలూ చూస్తుంది. ఒక గీత ఎక్కువ పడితే అక్కడికక్కడే అడగవచ్చు. మన మూడు ప్రశ్నలకూ ఇక్కడ మంచి జవాబే వస్తుంది.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌ను చూడండి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇది ఒకటి. చెరకు రసాన్ని పెనంలో కాచి, పాకం వచ్చాక దిమ్మలుగా పోసి రైతులు ఇక్కడికి తెస్తారు. వరుసగా పేర్చిన దిమ్మల రంగు చూసి మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని విడదీస్తారు, ధర ఆ రకాన్ని బట్టి పలుకుతుంది. ఇక్కడ సరుకే పటం. కొనేవాడు చూసేదీ, అమ్మేవాడు చూసేదీ ఒకటే రంగు. చక్కెర కర్మాగారంలో పద్ధతి వేరు. చెరకులోని చక్కెర దిగుబడి శాతాన్ని ప్రయోగశాల లెక్కగడుతుంది. ఆ అంకె కాగితం మీద వస్తుందే తప్ప రైతు కంటికి కనిపించదు.

అలాగని కనిపించేదంతా నిజమని అనుకోవద్దు. ధర రంగును బట్టి నిర్ణయమైనప్పుడు రంగు కోసమే బెల్లం తయారుచేయాలన్న ఒత్తిడి వస్తుంది. లేత పసుపు రంగు కోసం పాకంలో సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనాన్ని కలిపే అలవాటు అలా వచ్చిందే. వాడుకలో దాన్ని హైడ్రోస్ అంటారు. రసాయనం కలపని బెల్లం ముదురు రంగులో ఉండి, ఆ కారణంగానే తక్కువ రకం కిందికి పోవచ్చు. నాణ్యతకు గుర్తుగా పెట్టుకున్న రంగు, చివరికి నాణ్యతనే దెబ్బతీసింది. ఏ సూచికకైనా ఈ ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) భౌతిక దృశ్యీకరణను రెండు వాక్యాల్లో నిర్వచించండి.
ఆ) బెల్లం రంగు ఒక సూచికగా ఎందుకు ఉపయోగపడింది? ఎందుకు విఫలమైంది?

3. చూపేవారు ఒకరు, చూసేవారు అందరూ

రెండో రకం దృశ్యీకరణలో లెక్క కట్టేది ప్రభుత్వం లేదా నిపుణులు, చూడవలసింది ప్రజలు. ఇందుకు తెలుగువారందరికీ తెలిసిన ఉదాహరణ గోదావరి నీటిమట్టం. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. ధవళేశ్వరం వద్ద ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు వస్తాయి. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది.

ఈ రెండు చోట్ల అంకెల మధ్య ఉన్న తేడాను గమనించండి. నది ఒకటే, వరద ఒకటే. ఒక చోట 53, మరో చోట 17.75 అయినా ప్రమాదం మాత్రం మూడో స్థాయిదే. కారణం, కొలబద్ద మీది సున్నాను ఎక్కడ పెట్టాలన్నది మనుషులు తీసుకున్న నిర్ణయం. భద్రాచలం సున్నా వేరు, ధవళేశ్వరం సున్నా వేరు. కోనసీమ లంక గ్రామాల వారు ఈ రెండు కొలతలనూ తరాల అనుభవంతో చదువుతారు. భద్రాచలం అంకె పెరిగిందంటే ఆ నీరు తమ దాకా రావడానికి ఎంత వ్యవధి ఉందో అంచనా వేసుకుని గొడ్డూగోదాను గట్టుకు తోలుకుంటారు. కొత్తగా వచ్చినవారికి అవి వట్టి అంకెలు. స్కేలు తెలియకుండా పటం చదవలేమన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక తుపాను హెచ్చరికలు. 1864లో బంగాళాఖాతం రెండు ఘోరమైన తుపానులను చూసింది. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం దెబ్బతిన్నాయి. మచిలీపట్నం ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది, 1865లో, కలకత్తా ఓడరేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఓడరేవుల్లో ఎత్తైన స్తంభం మీద పగలు శంఖువు, డ్రమ్ము ఆకారపు బుట్టలను, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలను వేలాడదీసి హెచ్చరించే పద్ధతి స్థిరపడింది. దూరం నుంచి చూసే నావికుడికి అక్షరాలు కనిపించవు, ఆకారాలు కనిపిస్తాయి.

ఈ హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. రేడియోలో, పత్రికల్లో ‘ఫలానా ఓడరేవులో ఏడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని వచ్చినప్పుడు మనం దాన్ని పరీక్షలో మార్కుల్లాగా చదువుతాం. ఆరు కంటే ఏడు, ఏడు కంటే ఎనిమిది తీవ్రమనుకుంటాం. ఇది సగం మాత్రమే నిజం. 5, 6, 7 నంబర్లు మూడూ ఒకే తరగతికి చెందినవి, వాటిని ప్రమాద హెచ్చరికలు అంటారు. వాటి మధ్య తేడా తుపాను దారిలో ఉంది. ఓడరేవుకు ఎడమగా తీరం దాటుతుందా, కుడిగానా, లేక ఓడరేవు మీదుగానా లేదా దానికి అతి దగ్గరగానా అన్నది ఆ నంబర్లు చెబుతాయి. 8, 9, 10 నంబర్లు మహాప్రమాద హెచ్చరికలు, వాటిలోనూ ఇదే క్రమం. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. నావికుడి కోసం రూపొందిన గుర్తు ఊళ్లోకి వచ్చేసరికి అర్థం మారిపోయింది. పూడిమడక తీరంలోని మత్స్యకారుడికీ, మునగపాకలో చెరకు తోట ఉన్న రైతుకూ కావలసిన సమాచారం ఒకటి కాదు. మొదటివాడు వలలు, పడవలు చూసుకోవాలి. రెండోవాడు చెరకు పడిపోకుండా జడలు కట్టుకోవాలి, పొలంలో నీరు నిలవకుండా చూసుకోవాలి. చూసేవారందరూ ఒకటే అర్థం తీసుకుంటారన్న నమ్మకంతో ఏ గుర్తునూ తయారుచేయరాదు.

మన మూడు ప్రశ్నలకు ఇక్కడ వచ్చే జవాబు ఇది: గీసేవారు నిపుణులు, చూసేవారు అందరూ, సరిదిద్దేవారు మళ్లీ నిపుణులే. ప్రాణాపాయ సమయంలో ఈ ఏర్పాటు న్యాయమైనదే. అన్ని లెక్కలకూ ఇదే ఏర్పాటు సరిపోతుందా అన్నది తరువాతి భాగంలో చూద్దాం.

4. గీసేవారు ఒకరు, చదివేవారు కొందరు

భూమి లెక్క నేల మీద రాళ్ల రూపంలోనూ, కచేరీలో కాగితాల రూపంలోనూ ఉంటుంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన పని తరువాత మహా త్రికోణమితి సర్వేగా ఎదిగింది. ఆ సర్వే కొలిచిన ఆధారరేఖల్లో ఒకటి 1862–63లో విశాఖపట్నం వద్ద కొలిచినది. అది దేశపటం కోసం చేసిన కొలత. రైతు పొలం కొలిచింది రెవెన్యూ సర్వే, అందుకు వాడింది గంటర్ గొలుసు. దాని పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, ఎకరంలో నూరో వంతు ఒక సెంటు, అంటే 435.6 చదరపు అడుగులు. మునగపాకలో ‘ముప్పై సెంట్ల చెక్క’ అని ఎవరైనా అంటే పదిహేడో శతాబ్దపు ఆంగ్లేయ గణితజ్ఞుడి గొలుసు ఇంకా ఆ మాటలో వినిపిస్తున్నట్టే. తెలంగాణలో ఇదే ఎకరాన్ని నలభై గుంటలుగా విడదీస్తారు.

పొలం మూలల్లో సర్వే రాళ్లు పాతి, ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో కొలతల చిత్రం గీసి, వాటిని క్షేత్ర కొలతల పుస్తకంలో కట్టారు. అన్నీ కలిపితే గ్రామ పటం. ఉత్తర సర్కారులో ఎక్కువ భాగం 1802 శాశ్వత పరిష్కారంతో జమీందారీల కింద ఉండిపోయింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే జమీందారీ గ్రామాలకు రైత్వారీ పద్ధతి వర్తించింది. కాబట్టి ఈ ప్రాంతంలో మీ తాతల పట్టాలు మీరు అనుకునేంత పాతవి కాకపోవచ్చు.

రాళ్లు అందరికీ కనిపిస్తాయి. ఆ రాళ్లు దేన్ని సూచిస్తున్నాయో చెప్పే పుస్తకం మాత్రం చాలాకాలం కరణం దగ్గరే ఉండేది. అడంగల్ రాసేదీ ఆయనే, చదివి వినిపించేదీ ఆయనే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. పదవి పోయింది కానీ పుస్తకం చదవగల నేర్పు ఊళ్లో అందరికీ ఒక్కసారిగా రాలేదు. గట్టు జరిగిందన్న అనుమానం వచ్చిన రైతు ఇప్పటికీ సర్వేయరు కోసం ఎదురుచూడవలసిందే. ఎంతో కచ్చితమైన పటం కూడా, చదవలేని వాడి చేతిలో నిస్సహాయతనే పెంచుతుందని ఈ చరిత్ర చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) భద్రాచలం, ధవళేశ్వరం హెచ్చరికల అంకెల్లో తేడా ఎందుకుంది?
ఆ) ఓడరేవు హెచ్చరికల్లో 8, 9 నంబర్ల మధ్య తేడా ఏమిటి?
ఇ) సర్వే రాయి అందరికీ కనిపిస్తున్నా భూమి లెక్క అందరికీ అందలేదు. ఎందుకు?

5. అందరూ గీసిన పటం

గ్రామీణాభివృద్ధి కార్యక్రమాలు పెరిగాక మరో సమస్య ముందుకు వచ్చింది. పల్లె గురించిన సమాచారాన్ని ప్రశ్నావళులతో సేకరించి, పట్టణంలో పట్టికలు వేసేవారు. ఆ పట్టికను ఊరివాళ్లు ఎన్నడూ చూసేవారు కాదు. దీనికి ప్రత్యామ్నాయంగా 1988 ప్రాంతంలో కెన్యాలోనూ భారతదేశంలోనూ దాదాపు ఒకేసారి భాగస్వామ్య గ్రామీణ మదింపు అనే పద్ధతి రూపుదిద్దుకుంది. దీని ప్రచారకుల్లో ముఖ్యుడైన బ్రిటిష్ పండితుడు రాబర్ట్ ఛాంబర్స్ 1989–91 మధ్య హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నారు. దక్షిణాదిలో మైరాడా వంటి సంస్థలు దీన్ని పల్లెల్లో ఆచరించి విస్తరింపజేశాయి.

పద్ధతి చూడటానికి చాలా సులభం. ఊరి మధ్యలో ఖాళీ స్థలం ఊడ్చి, ఊరివాళ్లనే తమ ఊరి పటం వేయమంటారు. తెల్ల ముగ్గుతో వీధులు, ఇటుక పొడితో ఇళ్లు, ఆకులతో తోటలు, బూడిదతో బంజరు. ఇంటింటికీ ఎంతమంది ఉన్నారో చింతపిక్కలు పెడతారు. ఏ నెలలో పని దొరుకుతుందో, ఏ నెలలో అప్పు చేయవలసి వస్తుందో పన్నెండు గళ్లు గీసి, గింజల కుప్పలతో లేదా పొడవు తేడాలున్న పుల్లలతో చూపుతారు. ప్లేఫెయిర్ కాగితం మీద గీసిన పట్టీ చిత్రానికీ ఈ పుల్లల వరుసకూ సూత్రంలో తేడా లేదు.

తేడా అంతా సరిదిద్దడంలో ఉంది. కాగితం మీద సిరాతో గీసిన గీత ఒకరి చేతిలో ఉంటుంది. నేల మీద పెట్టిన గింజను పక్కన నిలబడినవాడు వంగి జరపగలడు. ‘ఆ ఇంట్లో అయిదుగురు కాదు, కోడలు పుట్టింటికి పోయింది’ అని ఒకరంటే గింజ తీసేస్తారు. ‘మా పేట బోరింగు వేయలేదేం’ అని మరొకరు అడిగితే అక్కడొక రాయి పెడతారు. తప్పు అందరి ముందూ బయటపడుతుంది, అందరి ముందే దిద్దుబాటు జరుగుతుంది. ముగ్గు మన స్త్రీలకు చిన్ననాటి నుంచీ అలవాటైన విద్య కాబట్టి, కలం పట్టని చేయి కూడా ఇక్కడ వెనుకాడలేదు.

ఈ పద్ధతిని ఆచరణలో కీలక నిర్ణయాలకు వాడారు. 2000 సంవత్సరంలో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ‘వెలుగు’ కార్యక్రమంలో, ఊరిలో నిరుపేదలు ఎవరో, పేదలు ఎవరో గ్రామస్థులే సామాజిక పటాల సహాయంతో గుర్తించి, గ్రామసభలో ఆమోదించే ఏర్పాటు చేసింది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ‘పాత పంటల జాతర’ కూడా ఈ కోవలోకే వస్తుంది. ఎడ్ల బండ్ల మీద రకరకాల చిరుధాన్యాల, పప్పుధాన్యాల విత్తనాలను పెట్టి ఊరూరా తిప్పుతారు. ఈ ప్రాంతంలో ఎన్ని రకాల పంటలు మిగిలి ఉన్నాయన్న లెక్కను అంతకంటే స్పష్టంగా ఏ పట్టికా చెప్పలేదు.

6. నీటి పద్దు

ఇంతవరకు చూసినవాటిలో మునగపాక వంటి కోస్తా గ్రామాల వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది కరవు ప్రాంతాల అనుభవం. భూగర్భజలం కంటికి కనిపించదు. ఒకరి బోరు తోడేది పక్కవాడి బోరులోని నీరేనని తెలిసినా, ఎంత అన్నది తెలియదు. అందుకే ఎవరికి వారు ఇంకా లోతుకు వేయిస్తారు. అప్పుల పాలవుతారు.

నెదర్లాండ్స్ ఆర్థిక సహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థల పథకం నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ ఈ ఏడు జిల్లాలు ఆ పథకం పరిధిలోకి వచ్చాయి. రైతులు, వారిలో స్త్రీలు కూడా, స్వయంగా వర్షమాపకం చదివారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా కొలిచారు. బోరు ఎంత నీరు పోస్తుందో తెలుసుకోవడానికి ఒక డ్రమ్ము, ఒక గడియారం చాలు. ఉదాహరణకు 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండితే, ఆ బోరు సెకనుకు 4 లీటర్లు పోస్తున్నట్టు. ఈ అంకెలను ఊళ్లో నలుగురూ తిరిగే చోట బోర్డు మీద రాశారు.

రబీకి ముందు రైతులు సమావేశమై పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. ఈ ఏడు కురిసిన వాన ఎంత, అందులో భూమిలోకి ఇంకినది ఎంత, ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేయదలచారు, దానికి ఎంత నీరు కావాలి అని లెక్కించి, రాబడి, ఖర్చు పక్కపక్కన పెట్టేవారు. లోటు కనిపిస్తే వరి తగ్గించుకోవాలా, ఆరుతడి పంటలకు పోవాలా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. బలవంతం లేదు, జరిమానా లేదు, సబ్సిడీ ఆశ కూడా లేదు. కనిపించని నీటిని ఊరందరికీ కనిపించేలా చేయడమే అక్కడ జరిగిన పని. భూగర్భజలాల అతివాడకంపై ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా చర్చించింది.

ధవళేశ్వరం కొలబద్దకూ ఈ బోర్డుకూ పోలిక చూడండి. రెండూ నీటిమట్టాన్నే చూపుతాయి. మొదటిదాన్ని ప్రభుత్వం కొలుస్తుంది, ప్రజలు పాటిస్తారు. రెండోదాన్ని కొలిచినవారే చదివారు, వారే నిర్ణయం తీసుకున్నారు. అంకె మీద అనుమానం వస్తే తాడు, డ్రమ్ము పట్టుకుని మళ్లీ కొలిచే వీలు వారి చేతిలోనే ఉంది.

7. పరిమితులు

ముగ్గు పటాన్ని పొగిడి వదిలేయడం చరిత్ర విద్యార్థికి తగదు. మొదటి పరిమితి, ఊళ్లో ఉన్న పెత్తనం పటం దగ్గర కూడా ఉంటుంది. ముగ్గు పొట్లం ముందుగా అందుకున్నవాడి వీధి పెద్దదవుతుంది, చివరి పేట ఒక మూలకు పోతుంది. అందుకే స్త్రీలతో వేరుగా, అట్టడుగు కులాల పేటలో వేరుగా పటాలు వేయించి పోల్చి చూడాలని అనుభవజ్ఞులు చెప్పారు. రెండోది, అందరి ముందు పేదవాడని గుర్తు పెట్టించుకోవడం కొందరికి చిన్నతనంగా ఉంటుంది. కొన్ని విషయాలను నలుగురిలో చెప్పలేరు. మూడోది, ముగ్గు వానకు చెరిగిపోతుంది. సిబ్బంది దాన్ని కాగితం మీదికి ఎక్కించుకుని వెళ్లిపోతారు. ఆ ప్రతి ఊళ్లో మిగలకపోతే, మళ్లీ పాత కథే. నాలుగోది, పథకం ముగిశాక బోర్డు మీద అంకె రాసేదెవరు? కొలత అలవాటుగా మారితేనే అది నిలుస్తుంది.

8. నేటి సందర్భం

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల పునఃసర్వే ప్రారంభమైంది. గంటర్ గొలుసు చోటును డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు తీసుకున్నాయి. కచ్చితత్వం ఎంతో పెరుగుతుంది, అందులో సందేహం లేదు. అయితే ఆకాశం నుంచి తీసిన పటాన్ని రైతు తన పొలం గట్టు మీద నిలబడి పోల్చి చూసుకోగలగాలి. ‘ఇక్కడ నా మేర తప్పు పడింది’ అని చెప్పుకోవడానికి తెలిసిన భాష, తగిన గడువు, వినే మనిషి ఉండాలి. గ్రామసభలో పటాన్ని పెద్ద గుడ్డ మీద పరిచినా, రచ్చబండ దగ్గర సున్నంతో గీసినా ఆ పని కొంత తేలికవుతుంది. కొత్త సాంకేతికతకు పాత పద్ధతి పోటీ అని భావించనక్కర లేదు. యంత్రం గీసిన లెక్కను మనిషి సరిచూసుకునే మెట్టుగా అది ఉపయోగపడుతుంది.

సారాంశం

లెక్కను వస్తువులతో, గుర్తులతో చూపడం రాత కంటే పాతది. తెలుగు ప్రాంతాల్లో మనం నాలుగు రకాలు చూశాం. కళ్లం, బెల్లం మార్కెట్‌లో ఇరుపక్షాలూ ఒకే వస్తువును చూస్తాయి. నది కొలబద్ద, ఓడరేవు హెచ్చరికల్లో నిపుణుడు చూపుతాడు, ప్రజలు చూస్తారు. సర్వే పటాన్ని కొందరే గీశారు, కొందరే చదవగలిగారు. ముగ్గు పటం, నీటి బోర్డు విషయంలో లెక్క ఎవరిదో వారే గీసి, వారే దిద్దుకున్నారు. ఒక లెక్క కనిపించడం మొదటి మెట్టు. అది అర్థం కావడం రెండో మెట్టు. తప్పును అడిగి దిద్దించగలగడం మూడోది. మూడో మెట్టు ఎక్కినప్పుడే ఆ లెక్క చూసేవారిది కూడా అవుతుంది.

పదకోశం

దత్తాంశాలు: ఒక విషయం గురించి సేకరించిన సంఖ్యలు, వివరాలు.
సూచిక: నేరుగా కొలవలేని దాన్ని తెలుసుకోవడానికి వాడే గుర్తు.
ఆధారరేఖ: త్రికోణమితి సర్వేకు మొదట కచ్చితంగా కొలిచే సరళరేఖ.
అడంగల్: ఏ భూమిలో ఎవరు ఏ పంట వేశారో తెలిపే గ్రామ లెక్క.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఓడరేవు హెచ్చరికల వ్యవస్థ ఏర్పడిన చారిత్రక నేపథ్యాన్ని వివరించి, దాన్ని ప్రజలు అర్థం చేసుకునే తీరును విమర్శించండి.
2. గ్రామ సర్వే పటాన్ని, ముగ్గు పటాన్ని ఈ పాఠంలోని మూడు ప్రశ్నల ఆధారంగా పోల్చండి.
3. భూగర్భజలాన్ని కనిపించేలా చేయడం వల్ల రైతుల నిర్ణయాల్లో మార్పు ఎలా సాధ్యమవుతుంది?

క్షేత్రకార్యం

మీ వీధిలో నలుగురిని, వారిలో కనీసం ఇద్దరు స్త్రీలను, పిలిచి మీ వీధి పటాన్ని నేల మీద ముగ్గుతో వేయించండి. తాగునీరు అందే చోట్లను రాళ్లతో, అందని ఇళ్లను ఆకులతో గుర్తించమనండి. మీరు ముగ్గు ముట్టుకోవద్దు. ఎవరు ఏ గుర్తును జరిపారో, ఎందుకు జరిపారో రాసుకోండి. పటం ఒక ప్రతిని కాగితం మీదికి ఎక్కించి ఆ వీధివారికే ఇచ్చి, మీ నివేదికను అధ్యయన కేంద్రంలో సమర్పించండి.